బాస్ట్నసైట్ కుటుంబ ఖనిజాలు

రేర్ ఎర్త్ మూలకాలు కార్బొనేట్, ఫ్లోరిన్‌లతో కలిసి ఏర్పడే ఖనిజాలలో ముఖ్యమైనవి నాలుగు: బాస్ట్నసైట్, పారిసైట్, రోంట్జెనైట్, సింకిసైట్. మొదటి దానిలో కాల్షియం ఉండదు. తరువాతి వాటిలో అది వరుసగా పెరుగుతూ పోయి, సింకిసైట్‌లో రేర్ ఎర్త్‌లతో సమానమవుతుంది. నాలుగింటిలోనూ ఎక్కువగా ఉండే రేర్ ఎర్త్ మూలకం సాధారణంగా సీరియం. బాపట్ల జిల్లాలోని నిజాంపట్నం తీరపు ఇసుకలో వీటికోసం వెదకడం దండగ. ఎందుకో తెలియాలంటే ముందు వీటి గుణాలు చూడాలి.

బాస్ట్నసైట్ మైనపు పసుపు నుంచి ఎరుపు కలిసిన గోధుమ రంగు దాకా ఉంటుంది. పగిలిన ముఖం జిడ్డుగా మెరుస్తుంది. సాంద్రత దాదాపు 5, కాఠిన్యం 4 నుంచి 5. అంటే బరువెక్కువ, గట్టిదనం తక్కువ. చాకుమొనతో గట్టిగా గీస్తే గీత పడుతుంది. పైగా కార్బొనేట్ కనుక ఆమ్లాలకు లొంగుతుంది. నదిలో వందల కిలోమీటర్లు దొర్లితే అరిగిపోతుంది, వానలకూ ఎండలకూ శిథిలమవుతుంది. అందుకే ఇది పుట్టిన రాతిని విడిచి దూరం పోదు. మోనజైట్ ఫాస్ఫేట్ ఖనిజం, శిథిలతను బాగా తట్టుకుంటుంది. కనుక తూర్పు తీరపు ఇసుకలో రేర్ ఎర్త్‌ల వాటా దానిదే. నిజాంపట్నం దగ్గర అలలు కడిగి వదిలిన నల్లని చారలో కనిపించేవి ఇల్మెనైట్, మాగ్నెటైట్, గార్నెట్, జిర్కాన్ వంటి బరువు ఖనిజాలు. అయస్కాంతం పెడితే మొదట అంటుకునేది మాగ్నెటైట్.

ఈ ఖనిజాల కథ స్వీడన్‌లోని బాస్ట్నాస్ గనిలో మొదలైంది. 1803లో బెర్జీలియస్, హిసింగర్ సీరియం ఉనికిని గుర్తించింది ఆ గని రాతిలోనే. హిసింగర్ 1838లో వర్ణించిన ఖనిజానికి 1841లో గని పేరు పెట్టారు. పారిసైట్ 1845లో కొలంబియాలోని ముజో పచ్చల గని నుంచి వెలుగులోకి వచ్చింది. ఇవి తరచూ ఒకే స్ఫటికంలో పొరలు పొరలుగా పెనవేసుకుని ఉంటాయి కాబట్టి కంటితో విడదీయడం కష్టం. 1953లో స్ఫటిక శాస్త్రవేత్తలైన డొన్నే దంపతులు ఎక్స్‌రేలతో ఆ పొరల అమరికను తేల్చి, రోంట్జెనైట్‌ను కొత్త ఖనిజంగా నిలబెట్టారు. ఖనిజశాస్త్రంలో ఇంత ముచ్చటైన పని తక్కువ.

వీటికి అసలు పుట్టిల్లు కార్బొనటైట్ శిలలు. కార్బొనేట్ శిలాద్రవం చల్లారేటప్పుడు రేర్ ఎర్త్‌లు మామూలు ఖనిజాలలో ఇమడక చివరి ద్రవాలలో పోగవుతాయి. ఆ ద్రవాలలో ఫ్లోరిన్ కూడా ఉంటే బాస్ట్నసైట్ ఏర్పడుతుంది. 1949లో యురేనియం వెదుకుతూ వెళ్లినవారికి కాలిఫోర్నియాలోని మౌంటెన్ పాస్ దగ్గర దొరికింది ఇదే. 1960లలో రంగుల టీవీ తెరలో ఎరుపుకు కావలసిన యూరోపియం అక్కడినుంచే వచ్చింది. మోనజైట్‌తో పోలిస్తే థోరియం బెడద బాగా తక్కువ కావడం బాస్ట్నసైట్‌కు కలిసొచ్చింది. తరువాత చైనాలోని బయాన్ ఓబో గని పైచేయి సాధించింది.

మళ్లీ మన వైపు వస్తే, ఆసక్తికరమైన చోటు నిజాంపట్నం తీరం కాదు, సంతమాగులూరు వైపున్న ఎల్చూరు కొండ. అక్కడి నెఫెలిన్ సైనైట్ కార్బొనటైట్‌లకు తరచూ తోడుగా ఉండే క్షారశిల; దాని వయసు సుమారు 132 కోట్ల ఏళ్లు. మౌంటెన్ పాస్ శిలలదీ ఇంచుమించు ఆ కాలమే. ఉస్మానియా ఆచార్యుడు సి. లీలానందం ఇలాంటి చోట్లన్నిటినీ కలిపి ప్రకాశం క్షారశిలా ప్రాంతం అన్నారు. అయినా గని తవ్వేంత బాస్ట్నసైట్ ఎల్చూరులో బయటపడలేదు. 2023లో హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్‌జీఆర్‌ఐ) అనంతపురం సైనైట్‌లలో రేర్ ఎర్త్ ఖనిజాలు ఉన్నాయని ప్రకటించినప్పుడు పత్రికల్లో వచ్చిన జాబితాలో అలనైట్, మోనజైట్, పైరోక్లోర్ వంటివి ఉన్నాయి తప్ప బాస్ట్నసైట్ పేరు లేదు. ఆ వార్తను గని దొరికినట్టుగా చదువుకోవడం తొందరపాటే.

దేశంలో ఈ కుటుంబం బాగా కనిపించేది గుజరాత్‌లోని అంబా డోంగర్ కార్బొనటైట్‌లో. 2025లో కేంద్రం పార్లమెంటుకు చెప్పిన లెక్క ప్రకారం తీరపు ఇసుక తదితర నిక్షేపాలలోని 1.315 కోట్ల టన్నుల మోనజైట్‌లో 72.3 లక్షల టన్నుల రేర్ ఎర్త్ ఆక్సైడ్‌లు ఉన్నాయి. గుజరాత్, రాజస్థాన్ గట్టి శిలలలో ఉన్నవి 12.9 లక్షల టన్నులు.