దేవుని స్నేహితుడు, పాదిరీల శత్రువు: 1622 నాటి ఒక వెండి తాలరు

సంఘ చరిత్ర విద్యార్థులు సంస్కరణ యుగాన్ని సాధారణంగా విశ్వాస ప్రమాణాల నుండి, ప్రసంగాల నుండి, సభల తీర్మానాల నుండి నేర్చుకుంటారు. ఆ కాలపు వెండి నాణేలను ఆధారాలుగా తీసుకోవడం మన వేదాంత కళాశాలల్లో అరుదు. ఆ పని ఎక్కువగా నాణేల సేకరణదారులకే మిగిలిపోయింది. వారు తూకాన్ని, అరుగుదలను, అరుదుతనాన్ని చూస్తారు. ఒక నాణెంలోని వెండి ఎక్కడ నుండి వచ్చిందనే ప్రశ్న మాత్రం సంఘ చరిత్రకారుడు అడగవలసినది.

తాలరు పుట్టుకలోనే సంఘ చరిత్ర ఉన్నది. బొహేమియాలోని యోహిమ్‌స్తాల్, అనగా 'యోయాకీము లోయ', వెండి గనుల పట్టణం. 1520 ప్రాంతంలో ష్లిక్ ప్రభువులు అక్కడ ముద్రించిన పెద్ద నాణేలపై మరియ తండ్రిగా సంప్రదాయం చెప్పే యోయాకీము బొమ్మ ఉండేది. ఊరి పేరు చివరి భాగం నుండి 'తాలరు' అనే మాట, దాని నుండి 'డాలరు' వచ్చాయి. ఆ పట్టణం త్వరలోనే లూథరన్ పట్టణమైంది. అక్కడి కాపరి యోహాన్ మతేసియుస్ గని పనివారికి చేసిన ప్రసంగాలు 'సారెప్తా' అనే పేరుతో 1562లో అచ్చయ్యాయి. 1566 నాటికి జర్మన్ సామ్రాజ్యమంతటికీ సుమారు 29 గ్రాముల తాలరు ప్రమాణమైంది.

మనం పరిశీలించదలచిన నాణెం ముప్పై సంవత్సరాల యుద్ధ కాలం నాటిది. బ్రౌన్‌ష్వైగ్ రాజవంశీయుడైన క్రిస్టియన్ 1599లో జన్మించాడు. 1622 జనవరి చివర అతని సేన కథోలిక పట్టణమైన పాడర్‌బోర్న్‌ను పట్టుకొని కతీడ్రల్ ధనాగారాన్ని దోచుకొన్నది. పరిశుద్ధ లిబోరియుస్ అవశేషాలున్న పేటిక కూడా ఆ దోపిడిలో పోయింది. ఆ అవశేషాలు 836లో ఫ్రాన్సులోని ల మాన్ నుండి తెచ్చినవి. అంటే దాదాపు ఎనిమిది వందల ఏండ్ల భక్తి వాటి చుట్టూ అల్లుకొని ఉన్నది. పేటిక కరిగిపోయింది. లిప్‌స్టాట్‌లో తాలర్లు ముద్రించి సైనికులకు జీతాలిచ్చారు. చిల్లర నాణేలలో రాగి కలిపి జనాన్ని మోసగిస్తున్న ఆ సంవత్సరాల్లో మంచి వెండి నాణెం సిపాయికి ఎంత ఆకర్షణో ఊహించవచ్చు.

నాణెం ఒక వైపు మధ్యలో జర్మన్ భాషలో నాలుగు వరుసలు: 'దేవుని స్నేహితుడు, పాదిరీల శత్రువు'. మరో వైపు మేఘంలో నుండి చాచిన చేయి, ఆ చేతిలో ఖడ్గం, చుట్టూ ఫ్రెంచి భాషలో 'అంతయు దేవునితో' అనే అర్థమిచ్చే మాటలు. రాజు ముఖం లేదు. ఇది నినాదం ముద్రించిన కరపత్రమనే చెప్పాలి.

ఆ మాటలను కొంచెం ఆగి చదవాలి. 'దేవుని స్నేహితుడు' అనే బిరుదు లేఖనాల్లో అబ్రాహాముది (యాకోబు 2:23). 'పాదిరీలు' అని ఇక్కడ అనువదించిన జర్మన్ మాట మొదట మామూలుగా మతగురువును సూచించేది, సంస్కరణ వాదాల నాటికి అది తిట్టుగా మారింది. విచిత్రమేమంటే, లూథరన్ అయిన క్రిస్టియన్ తానే 1616 నుండి హాల్బర్‌స్టాట్ బిషప్పు స్థానానికి పాలకుడు. బిషప్పు ఆదాయం తింటూ పాదిరీలకు శత్రువునని వెండి మీద చాటుకొన్నాడు! ప్రొటెస్టంట్ చరిత్రలో మనం సాధారణంగా చెప్పుకోని పేజీ ఇది. కథోలిక సేనల దోపిడిని వర్ణించే పాఠ్యగ్రంథాలు దీనిని కూడా అదే స్వరంతో వర్ణించవలసి ఉన్నది.

అపొస్తలుల వెండి విగ్రహాలను చూచి, సర్వలోకానికి వెళ్లమని మీకు ఆజ్ఞ ఉన్నది కదా అంటూ అతడు వాటిని కరిగించాడనే కథ ప్రచారంలో ఉన్నది. అదే చమత్కారాన్ని ఇంగ్లండులో క్రామ్‌వెల్‌కు కూడా అంటగట్టారు. కనుక దానిని సాక్ష్యంగా తీసుకోకూడదు.

ఈ తాలరుకున్న పేరు వలన దానికి తరువాతి కాలంలో నకళ్లు కూడా పుట్టాయి. పోతపోసిన నకలులో అక్షరాల అంచులు మొద్దుబారి ఉంటాయి, అంచు చుట్టూ అతుకు గీత కనబడవచ్చు, తూకం తేడా వస్తుంది. తళతళలాడేటట్లు తోమిన నాణెం విలువ కోల్పోతుంది. అసలు నాణెమని తేలినా, అందులోని వెండి లిబోరియుస్ పేటికదేనని ఎవరూ నిరూపించలేరు. కరిగిన లోహానికి గుర్తులుండవు. అమ్మకందారులు ఆ మాట చెప్పి ధర పెంచినప్పుడు, సేకరణదారుడు చెల్లించేది వెండికి కాదు, ఒక దోపిడి కథకు.

క్రిస్టియన్ అదే సంవత్సరం ఆగస్టులో ఫ్లూరూస్ యుద్ధంలో గాయపడి ఎడమ చేయి పోగొట్టుకొన్నాడు, 1626లో మరణించాడు. అవశేషాలు 1627లో పాడర్‌బోర్న్‌కు తిరిగి చేరాయి. వాటి కొరకు హాన్స్ క్రాకో అనే కంసాలి ఆ సంవత్సరమే కొత్త పేటిక చేశాడు. నేటికీ జూలై నెలాఖరున జరిగే లిబోరి ఉత్సవంలో ఊరేగించేది ఆ పేటికనే.