ఆంగ్ల అపరాధ పరిశోధన నవలలో స్త్రీ : ఆమె అధికారము

సాహిత్యము సమాజమునకు ముందు నడచునా, వెనుక నడచునా అనునది సాహిత్య చరిత్రకారులు చిరకాలముగా చర్చించుచున్న ప్రశ్న. ఆంగ్ల భాషలోని అపరాధ పరిశోధన నవలలలో స్త్రీ పరిశోధకురాలి చరిత్రను పరిశీలించినచో ఈ ప్రశ్నకు ఒక్క సమాధానము చాలదని తెలియును. ఇంగ్లండులో స్త్రీకి పోలీసు అధికారము లభించుటకు ఏబది సంవత్సరములకు పూర్వమే కథకులామెను పరిశోధకురాలిగా చిత్రించిరి. కావున ఈ విషయమున సాహిత్యమే ముందు నడచినదని చెప్పుట సులభము. కాని పరిశోధించు తెలివి వేరు, అరెస్టు చేయు అధికారము వేరు. మొదటిదానిని నవల స్త్రీకి త్వరగా నిచ్చినది. రెండవదానిని ఇచ్చుటకు ప్రభుత్వము కొరకు వేచి యున్నది. ఈ భేదమును నిరూపించుటయే ఈ వ్యాసమున మా యుద్దేశము.

లండను మహానగర పోలీసు సంస్థలో పరిశోధక శాఖ 1842లో ఏర్పడినది. అందలి యుద్యోగులందరును పురుషులే. అట్లుండగా 1864లో రెండు కథాసంపుటములు వెలువడినవి. ఒకటి ఆండ్రూ ఫారెస్టర్ అను మారుపేరుతో జేమ్స్ రెడ్డింగ్ వేర్ రచించిన ‘ది ఫీమేల్ డిటెక్టివ్’. రెండవది విలియం స్టీఫెన్స్ హేవర్డ్ రచనగా భావింపబడుచున్న ‘రివెలేషన్స్ ఆఫ్ ఎ లేడీ డిటెక్టివ్’. మొదటి గ్రంథమునందలి కథానాయిక తన వృత్తిని స్నేహితులకు సైతము తెలియనీయదు. వారామె దుస్తులు కుట్టి జీవించుచున్నదని తలంతురు. పురుషుడు చొరలేని యిండ్లలోనికి స్త్రీ చొరగలదని ఆమె వాదము. రెండవ గ్రంథమునందలి శ్రీమతి పాస్కల్ నలుబదేండ్లకు చేరువైన వితంతువు; జీవనోపాధికై ఈ కొలువున ప్రవేశించినది. ఒక కథలో అనుమానితురాలిని వెంబడించి నేలలోని రంధ్రము గుండ దిగవలసి వచ్చినపుడు, అడ్డుపడుచున్న చట్రపు లంగాను విడిచివైచి ఆమె క్రిందికి దిగును.

ఈ దృశ్యము సాహసోపేతమైనదే. అయినను ఈ యిరువురి బలము దేనిపై ఆధారపడినదో గమనింపవలెను. స్త్రీని ఎవరును అనుమానింపరు. దాసిగానో, కుట్టుపనిదిగానో, అతిథిగానో ఆమె ఎచ్చటికైనను పోగలదు. అనగా సమాజము స్త్రీని లెక్కింపకపోవుటయే ఆమెకు ఆయుధమైనది. ఆ ఆయుధము పరిశోధనకు పనికివచ్చును గాని పదవి కాజాలదు. ఆమెకు పోలీసువారితో సంబంధము గలదని రచయితలు చెప్పిరి. కాని అట్టి యుద్యోగమునకు ఆనాటి చట్టములో స్థానమే లేదు.

1894లో కేథరిన్ లూయిసా పిర్కిస్ సృష్టించిన లవ్డే బ్రూక్ ఈ చిక్కును వేరొక విధముగా తప్పించుకొన్నది. ఆమె ఒక ప్రైవేటు పరిశోధన సంస్థలో ఉద్యోగిని. తెలివి ఆమెది, చట్టబద్ధమైన చర్య పోలీసులది. 1910లో బారొనెస్ ఆర్జీ ‘లేడీ మాలీ ఆఫ్ స్కాట్లండ్ యార్డ్’ అను గ్రంథమున మరింత ముందునకు పోయి, స్కాట్లండ్ యార్డులో ఒక స్త్రీల విభాగమునే కల్పించినది. అట్టి విభాగము ఆనాడు లేదు. లేడీ మాలీ ఆ కొలువున చేరుటకు కారణము చెరసాలలోనున్న భర్త నిర్దోషిత్వమును నిరూపించుట. ఆ కార్యము నెరవేరిన పిదప ఆమె యుద్యోగమును విడిచిపెట్టును. కల్పనలో సైతము పోలీసు పదవి స్త్రీకి గమ్యము కాలేదు, భర్తను చేరుటకు మార్గము మాత్రమే అయినది.

వాస్తవ చరిత్ర ఇందులకు భిన్నమైన కారణములచే నడచినది. మొదటి ప్రపంచ యుద్ధ కాలమున గ్రాంథమ్ పట్టణ సమీపమున పెద్ద సైనిక శిబిరమేర్పడి, పట్టణమున వ్యభిచారాది సమస్యలు పెరిగినవి. వానిని అదుపు చేయుటకై 1915లో ఈడిత్ స్మిత్ అను నామె పూర్తి అరెస్టు అధికారముతో నియమింపబడినది. బ్రిటనులో అట్టి యధికారము పొందిన మొదటి స్త్రీ ఆమెయే. లండను మహానగర పోలీసు సంస్థ 1919లో స్త్రీలను గస్తీకి తీసికొన్నను వారికి అరెస్టు అధికారము నీయలేదు; అది 1923లో గాని లభింపలేదు. ఆ తొలితరమునకు చెందిన లిలియన్ వైల్స్ నేరపరిశోధక శాఖలో పనిచేసి, ముఖ్యముగా స్త్రీల వాఙ్మూలములను, పిల్లల వాఙ్మూలములను తీసికొనెను. తన యనుభవములను ఆమె 1952లో గ్రంథముగా ప్రకటించినది. 1864 నాటి కథానాయికల సాహసములకును ఈ వాఙ్మూలముల పనికిని ఎంత దూరమున్నదో చెప్పనక్కరలేదు. కాని చట్టముచే గుర్తింపబడినది ఈ రెండవదియే.

ఇట్లుండగా రెండవ ప్రపంచ యుద్ధానంతరము అపరాధ పరిశోధన నవలలోనే ఒక మార్పు వచ్చినది. ఒక మేధావి ఊహపై గాక, పోలీసు సంస్థ దైనందిన కార్యక్రమముపై నడచు నవల తలయెత్తినది. దీనిని పోలీసు విధాన నవల యందుము. 1945లో లారెన్స్ ట్రీట్ రచించిన ‘వి యాజ్ ఇన్ విక్టిమ్’ ఈ మార్గమునకు ఆద్యమని చెప్పుదురు. 1952లో హిలరీ వా, 1956లో ఎడ్ మెక్‌బేన్ దీనిని స్థిరపరచిరి. ఇందు హోదా, వంతు, వారంటు, సాక్షి వాఙ్మూలము, ప్రయోగశాల నివేదిక - ఇవియే కథను నడపును. కావున స్త్రీకి ఈ నవలలో ప్రవేశము కష్టమైనది. మేధావి కథలో తెలివి యున్న చాలును. విధాన నవలలో ఆ తెలివికి ఒక హోదా కావలెను. లేని హోదాను కల్పించినచో ఈ నవలకు ప్రాణమైన నమ్మకమే చెడును.

ఆ హోదా కొరకు పోరాటము న్యూయార్కులో జరిగినది. అచ్చటి పోలీసు సంస్థలో ఇసబెల్లా గుడ్విన్ 1912లోనే పరిశోధకురాలిగా నియమింపబడినది. అయినను తరువాత అర్ధశతాబ్దము వరకు పోలీసు స్త్రీలు సార్జెంటు పరీక్షకు కూర్చొనుటకే అర్హులు కారైరి. 1961లో ఫెలీషియా ష్ప్రిట్జర్ న్యాయస్థానము నాశ్రయించి 1963లో గెలిచెను. 1965లో ఆమెయు, గెర్ట్రూడ్ షిమ్మెల్ అను మరియొకామెయు ఆ సంస్థలో మొదటి స్త్రీ సార్జెంటులైరి.

సరిగా ఈ కాలముననే డొరతీ యూనాక్ రచనకు పూనుకొనుట యాదృచ్ఛికము కాదని మా యభిప్రాయము. ఆమె న్యూయార్కు నగర రవాణా పోలీసు శాఖలో పదునాలుగు సంవత్సరములు పనిచేసినది. 1964లో ‘పోలీస్‌వుమన్’ అను స్వానుభవ గ్రంథమును, 1968లో ‘ది బెయిట్’ అను నవలను ప్రకటించినది. ఈ నవల ఆ యేటి ఉత్తమ ప్రథమ నవలకిచ్చు ఎడ్గార్ బహుమతిని మరియొక నవలతో పంచుకొన్నది. ఇందలి క్రిస్టీ ఒపారా పోలీసు ఉద్యోగి వితంతువు, ఒక చిన్న బిడ్డకు తల్లి, జిల్లా అటార్నీ పరిశోధక దళమున సభ్యురాలు. భూగర్భ రైలులో అసభ్యముగా ప్రవర్తించినవానిని ఆమె స్వయముగా అరెస్టు చేయును. శ్రీమతి పాస్కల్ లంగాను విడుచుటకన్న ఈ అరెస్టు సాధారణమైన దృశ్యము. కాని స్త్రీ పరిశోధకురాలి చరిత్రలో ఇదియే పెద్ద మలుపని మేము తలంచుచున్నాము. హంతకునికి ఎరగా నిలుచుట అను పాతపని ఈమెకును తప్పలేదు. నవల పేరే అది. అయినను ఎరగా నిలిచినది ఇపుడు అధికారము గల యుద్యోగిని.

దీని తరువాత కథావస్తువు మరల మారినది. 1991లో లిండా లా ప్లాంట్ రచించిన ‘ప్రైమ్ సస్పెక్ట్’ దూరదర్శన నాటకమునందలి జేన్ టెన్నిసన్ అరెస్టు అధికారము కొరకు గాక, హత్యాపరిశోధనకు నాయకత్వము కొరకు పెనుగులాడును. అధికారము లభించిన పిదప దానిని అంగీకరింపజేయుట తరువాతి ఘట్టమైనది.

మన దేశమున భారతీయ పోలీసు సర్వీసులో మొదటి మహిళగా కిరణ్ బేడీ 1972లో ప్రవేశించినది. 1973లో కోళికోడులో మహిళా పోలీసు స్టేషను ఏర్పడినది. తెలుగున కొమ్మూరి సాంబశివరావు నవలలచే ప్రసిద్ధుడైన యుగంధర్ ప్రైవేటు డిటెక్టివు. అనగా తెలివి ఆతనిది, పదవి ఇతరులది. మన అపరాధ పరిశోధన నవలలను పరిశీలింపబూను విద్యార్థులు హంతకు డెవరని అడుగుటతో ఆగక, నేరస్థుని చేయి పట్టుకొను అధికారము ఎవరిదని కూడ అడుగవలెను. ఆ ప్రశ్నకు వచ్చు సమాధానములను కాలక్రమమున కూర్చినచో, మన నవలలోని స్త్రీ ఎపుడు సహాయకురాలుగ నుండి యుద్యోగిని అయినదో నిర్ణయించుటకు వీలు కలుగును.