స్త్రీ పురుష శరీర భేదం: తెలుసుకున్న తీరు

కడుపులో పడిన మొదటి ఆరు వారాల్లో పిండం ఆడో మగో దాని రూపాన్ని బట్టి చెప్పలేం. అప్పటికి బీజగ్రంథి వృషణంగానైనా అండాశయంగానైనా మారగల స్థితిలో ఉంటుంది. మగ అవయవాలకు మూలమైన నాళాల జత, ఆడ అవయవాలకు మూలమైన నాళాల జత రెండూ ప్రతి పిండంలోనూ ఉంటాయి. ఏడో వారం నుంచి దారులు చీలతాయి. ఈడొచ్చాక మగపిల్లల గొంతు బొంగురుపోవడం, కండ పెరగడం, రక్తంలో హిమోగ్లోబిన్ ఎక్కువ కావడం, ఆడపిల్లలకు కటి భాగం విశాలం కావడం, రొమ్ములు రావడం, నెలసరి మొదలవడం అన్నీ ఆ చీలికకు కొనసాగింపే. ఇంతమాత్రం తెలియడానికి రెండు వేల ఏళ్లకు పైగా పట్టింది. తెలియనన్నాళ్లూ నింద మోసింది ఎక్కువగా ఆడవాళ్లే.

క్రీస్తుపూర్వం 4వ శతాబ్దంలో అరిస్టాటిల్ ఈ భేదానికి కారణం వేడి అన్నాడు. తగినంత వేడి అందిన పిండం మగ, అందనిది ఆడ. క్రీస్తుశకం 2వ శతాబ్దపు వైద్యుడు గాలెన్ దీన్ని శరీర నిర్మాణానికి అన్వయించి, స్త్రీ అవయవాలు పురుషుడివే, వేడి చాలక బయటికి రాకుండా లోపలే ఉండిపోయాయని రాశాడు. అండాశయాలను ఐరోపా వైద్యులు చాలాకాలం ‘ఆడ వృషణాలు’ అనే పిలిచారు. మన చరక సంహిత మరో లెక్క చెప్పింది. తండ్రి శుక్రం అధికమైతే మగ, తల్లి రక్తం అధికమైతే ఆడ. ఆ తూకం నిజం కాదు. అయినా బిడ్డ ఆడో మగో తేలడంలో ఇద్దరి పాత్రనూ లెక్కలోకి తీసుకున్న ఆలోచన కాబట్టి, ఆడశరీరాన్ని లోపంగా చూసిన గ్రీకు వాదం కన్నా అది మెరుగైనదే.

18వ శతాబ్దంలో ఐరోపావారి దృష్టి ఎముకల మీద పడింది. 1759లో పారిస్‌లో తిరూ దార్కోన్‌విల్ అనే విదుషి, తన పేరు వేసుకోకుండానే, స్త్రీ అస్థిపంజరం బొమ్మ ఉన్న గ్రంథం ప్రచురించింది. ఆ బొమ్మలో పుర్రె మరీ చిన్నది, పక్కటెముకలు ఇరుకు, కటి మరీ వెడల్పు. 1796లో జర్మన్ వైద్యుడు సోమరింగ్ వేయించిన బొమ్మ వాస్తవానికి దగ్గరగా ఉంది. శరీర పరిమాణంతో పోలిస్తే స్త్రీ పుర్రె చిన్నది కాదని అది చూపింది. నిజమైన తేడా ఎక్కువగా కటి ఎముకల్లోనే ఉంటుంది. ముందువైపు రెండు ఎముకలు కలిసేచోట కింద ఏర్పడే కోణం స్త్రీలలో విశాలం. అస్థిపంజరం ఎవరిదో తేల్చాల్సి వచ్చినప్పుడు నేటికీ నిపుణులు ముందు చూసేది కటి భాగాన్నే.

అసలు మలుపు పురుగుల దగ్గర వచ్చింది. 1891లో జర్మనీకి చెందిన హెన్కింగ్ ఒక నల్లిజాతి పురుగు శుక్రకణాల్లో సగానికే చేరే ఒక ముక్కను చూశాడు. అదేమిటో అర్థం కాక ‘ఎక్స్’ అని రాసుకున్నాడు. దశాబ్దం తిరిగాక అమెరికాలో మెక్‌క్లంగ్ మిడతలను పరిశీలించి, లింగాన్ని నిర్ణయించేది ఇలాంటి క్రోమోజోమే అన్నాడు. కానీ దాన్ని మగతనం తెచ్చేదిగా తలకిందులుగా అర్థం చేసుకున్నాడు.

లెక్క సరిచేసింది నెట్టీ స్టీవెన్స్. 1861లో పుట్టిన ఆమె ఏళ్ల తరబడి బడిపాఠాలు చెప్పి, డబ్బు కూడబెట్టుకుని, ముప్పై అయిదేళ్లు దాటాక స్టాన్‌ఫోర్డ్‌లో చదువుకుంది. తరువాత పెన్సిల్వేనియాలోని బ్రిన్ మార్ కళాశాలలో పరిశోధన చేసింది. ఆమె ఎంచుకున్నది పిండిలో పట్టే పురుగును. ఆడపురుగు కణంలో 20 పెద్ద క్రోమోజోములు. మగపురుగులో 19 పెద్దవి, ఒకటి చిన్నది. అండాలన్నీ ఒకే తీరు కాగా, శుక్రకణాలు మాత్రం సగం పెద్దదాన్ని, సగం చిన్నదాన్ని మోసుకెళ్తాయి. చిన్నది చేరితే మగ, పెద్దది చేరితే ఆడ. ఇది 1905లో అచ్చయింది. అదే ఏడాది కొలంబియా విశ్వవిద్యాలయంలో ఎడ్మండ్ విల్సన్ కూడా విడిగా ఇలాంటి నిర్ణయానికే వచ్చాడు. పాఠ్యపుస్తకాల్లో ఆయన పేరే ముందు నిలిచింది. స్టీవెన్స్ 1912లో రొమ్ము క్యాన్సర్‌తో చనిపోయింది.

ఆమె ఫలితం మనుషులకూ వర్తిస్తుంది. ఆ పెద్దదాన్ని ‘ఎక్స్’ అని, చిన్నదాన్ని ‘వై’ అని అంటారు. తల్లి ఇచ్చేది ఎప్పుడూ ఎక్సే, ఎక్సో వయ్యో తెచ్చేది తండ్రి శుక్రకణం. మన ఊళ్లలో వరసగా ఆడపిల్లల్ని కన్న కోడలిని అత్తవారు సాధించుకు తినడం, కొడుక్కి మరో పెళ్లి చేస్తామనడం విని పెరిగినవాళ్లకు పిండిపురుగులో తేలిన ఈ లెక్క ఎంత విలువైనదో వేరే చెప్పనక్కర్లేదు.

అయితే ‘వై’ పనేమిటో వెంటనే తెలియలేదు. పండ్ల ఈగల్లో ‘వై’ ఉన్నా లేకున్నా, ఎక్స్‌ల లెక్కను బట్టే ఆడా మగా తేలుతుంది. మనుషుల్లోనూ అంతే అనుకున్నారు. అసలు మనిషికి క్రోమోజోములు 48 అని చాలాకాలం నమ్మారు. 1956లో స్వీడన్‌లోని లుండ్‌లో టియో, లెవాన్ అవి 46 అని తేల్చారు. 1959లో బ్రిటన్ పరిశోధకులు రెండు ఎక్స్‌లతో పాటు ‘వై’ ఉన్న వ్యక్తి మగవాడిగా, ఒక్క ఎక్స్ మాత్రమే ఉన్న వ్యక్తి ఆడమనిషిగా ఉండటం గుర్తించారు. ఈగ లెక్క మనిషికి కుదరదని, మగతనం వైపు తిప్పేది ‘వై’ అని అలా తెలిసింది.

అంతకుముందే, 1947లో, ఫ్రాన్స్‌లో ఆల్‌ఫ్రెడ్ జోస్ట్ తల్లి కుందేళ్ల పొట్టలు కోసి, లోపలి పిండాల బీజగ్రంథులను తీసేసి, మళ్లీ కుట్టాడు. వేలెడంత లేని ప్రాణుల మీద ఎంతో ఓర్పు కావలసిన శస్త్రచికిత్స అది. బీజగ్రంథి లేని పిండాలన్నీ, మగవి కావలసినవి సైతం, ఆడ రూపంలోనే పెరిగాయి. వృషణం రెండు పనులు చేస్తోందని ఆయన గ్రహించాడు. టెస్టోస్టెరాన్ మగ నాళాలను నిలుపుతుంది, మరో హార్మోన్ ఆడ నాళాలను కరిగిస్తుంది. 1990లో లండన్ పరిశోధకులు ‘వై’ మీద వృషణాన్ని మొదలుపెట్టే జన్యువును పట్టుకుని ఎస్ఆర్‌వై అని పేరు పెట్టారు. మరుసటి ఏడాది ఆ జన్యువు చేర్చిన రెండు ఎక్స్‌ల ఎలుక మగదిగా పెరిగింది.

క్రోమోజోము ఒకటి చెప్పినా, శరీరం ఆ మాట వినని సందర్భాలున్నాయి. స్పెయిన్ హర్డిల్స్ క్రీడాకారిణి మరియా పాటిన్యో శరీర కణాలు టెస్టోస్టెరాన్‌కు స్పందించవు. క్రోమోజోములు ఎక్స్ వై అయినా ఆమె స్త్రీగానే పుట్టి పెరిగింది. 1985లో పరీక్ష చేసి పోటీకి రానివ్వలేదు. ఆమె పోరాడి అర్హత తిరిగి తెచ్చుకుంది. హైదరాబాద్‌లో శిక్షణ పొందిన ఒడిశా పరుగు క్రీడాకారిణి ద్యుతీ చంద్‌ను 2014లో సహజ టెస్టోస్టెరాన్ ఎక్కువన్న కారణంతో పక్కన పెడితే, ఆమె అంతర్జాతీయ క్రీడా న్యాయస్థానానికి వెళ్లింది. 2015లో ఆ నిబంధన అమలును న్యాయస్థానం నిలిపివేసింది.

జోస్ట్ ప్రయోగం నుంచి చాలామంది ఒక తప్పు అర్థం తీశారు. ఏమీ జరగకపోతే మిగిలేదే ఆడ శరీరం అనుకున్నారు. అరిస్టాటిల్ చెప్పిన కొరతే కొత్త బట్టలు కట్టుకుని వచ్చినట్టయింది. 2009లో పెద్ద వయసు ఆడ ఎలుకల అండాశయాల్లో ఫాక్స్ఎల్2 అనే జన్యువును ఆపి చూశారు. అక్కడి కణాలు వృషణ కణాల్లా మారి టెస్టోస్టెరాన్ తయారు చేయడం మొదలుపెట్టాయి. అంతకాలమూ ఆ జన్యువు రోజూ పనిచేస్తూ అండాశయాన్ని అండాశయంగా నిలుపుతూ వచ్చిందన్నమాట.