మోటారుబండికి మెఱుగుపూత

మోటారుబండి పుట్టిన తొలినాళ్లలో క్రొత్తదనమంతయు దాని యంత్రముననే యుండెను. దేహము మాత్రము గుఱ్ఱపుబగ్గీల కార్ఖానాలనుండి వచ్చినదగుటచే, దానికి పూయు రంగును, రంగుపై వేయు వార్నీషును, ఆ రెంటిని పూయు పనివాని యోర్పును బగ్గీలనాటివే. కొయ్యపలకలకు మొదట అవిసెనూనెలో కలిపిన సీసపు తెల్లరంగును పట్టించి, చిక్కని గరుకుపూతలతో సందులు పూడ్చి, ప్యూమిసురాతితో నీళ్లు పోయుచు అరగదీసి నునుపు చేసి, ఆ పిమ్మట అసలు రంగును, దానిపై కోపాలు జిగురును నూనెతో కాచి చేసిన వార్నీషును పూతపై పూతగా వేయుచు, ఒక్కొక్క పూత పూర్తిగా ఆరిన గాని మఱియొకదానికి కుంచె యెత్తరాదను నియమమును పాటించుటచే, ఒక్క బండి రంగుశాల దాటుటకు వారములు పట్టుచుండెను. నూనె గాలిలోని ప్రాణవాయువును మెల్లమెల్లగా గ్రహించి గట్టిపడవలసినదే గాని, దానిని తొందరపెట్టు నుపాయము లేదు. వార్నీషుగదిలో ధూళి లేవకుండుటకై నేలపై నీళ్లు చల్లి, తలుపులు మూసి కాచుకొనియుండెడివారు.

ఇంత శ్రమచే సాధించిన మెఱుగు మిక్కిలి సుకుమారమైనది. బురద దానిపై నెండినచో మచ్చ నిలిచిపోవును. బండిని గుఱ్ఱపుసాలకు దూరముగా వేఱొక కొట్టములో నుంచుడని ఆ కాలపు గ్రంథములు యజమానులను హెచ్చరించుచుండెను. ఏలయన సాలలోనుండి లేచు అమ్మోనియావాయువు వార్నీషును చెఱచును. బండిని లాగెడి జీవమే బండి యందమునకు వైరి యగుట విధివిలాసము కాబోలు!

ఫోర్డు తన టీ నమూనా బండిని 1908లో వెలువరించి, 1913లో హైలండ్ పార్కు కార్ఖానాలో కదలెడి కూర్పువరుసను నెలకొల్పిన పిమ్మట, బండ్లు నిమిషముల లెక్కను తయారగుచుండగా రంగు వారముల లెక్కను ఆరుట యెట్లు పొసగును? 1914 మొదలు 1925 వఱకు ఆ బండ్లు నల్లరంగుననే వచ్చుట ఆయన మొండితనమునకు నిదర్శనముగా చెప్పుకొనుట కలదు గాని, అసలు కారణము వర్తకపు లెక్కయే: తారుజాతి ద్రవ్యమైన అస్ఫాల్టుతో చేసిన నల్లపూత చవుక, మన్నిక కూడ కలది, ఫెండర్లవంటి ఇనుపభాగములను అందులో ముంచి పొయ్యిలో కాల్చిన చాలును. రంగురంగుల బండ్లను కోరిన తక్కిన కార్ఖానాదారులకు మాత్రము ఆరుచున్న దేహములను దాచుటకే విశాలమైన కొట్టములు కావలసివచ్చెను.

ఈ చిక్కును విప్పినది తుపాకిమందుతో చుట్టఱికముగల పదార్థము. మొదటి ప్రపంచయుద్ధము ముగిసిన తరువాత, ప్రేలుడుద్రవ్యముల వ్యాపారమున ఆఱితేరిన డ్యూపాంటు సంస్థవారు, 1920లో న్యూజెర్సీ రాష్ట్రమునందలి పార్లిన్‌లో, నైట్రోసెల్యులోజును పలుచని ద్రావణముగా నిలుపు మార్గమును కనుగొనిరి. పలుచనిదగుటచే అందులో రంగును, ఘనపదార్థమును హెచ్చుగా కలిపి గాలితో చిమ్మవచ్చును. నూనెవలె ప్రాణవాయువుకై వేచియుండక, ద్రావకము ఆవిరియైనంతనే అది ఆరును. 1923లో జనరల్ మోటార్స్‌వారి ఓక్లండు బండ్లు ఈ ‘డ్యూకో’ పూతతో నీలవర్ణమున అంగడికి వచ్చెను. వారములు గంటలాయెను. మన పట్టణములలో బీరువాలకు రంగు చిమ్మెడి మేస్త్రీలు నేటికిని తమ పనిని డ్యూకో పనియనియే చెప్పుదురు.

కాని డ్యూకో చిమ్మినప్పుడు తళుకు లేకయే యుండెడిది. రుద్దిన గాని మెఱుగు రాదు. వచ్చిన మెఱుగైనను కాలక్రమమున ఎండకు సున్నపుపొడివలె వెలిసిపోవును. ఔత్సాహికునికి తలుపు విశాలముగా తెఱచుకొన్నది ఇచ్చటనే యని నా తలంపు. వార్నీషుమీద చేయి వేయుటకు జంకిన యజమాని, ఇప్పుడు సెలవుదినమున చొక్కాచేతులు మడిచి, గుడ్డయు డబ్బాయు పట్టుకొని, తానే బండి చుట్టు తిరుగసాగెను. అంతకు ముందే, 1910 ప్రాంతమున, షికాగోలో వెలసిన సైమనైజు మైనము ఈ యలవాటునకు బీజము వేసియుండెను. ఇట్టి మైనపుపూతలలో శ్రేష్ఠముగా పేరొందిన కార్నోబా, ఈశాన్య బ్రెజిలునందలి యొక తాటిజాతి చెట్టు ఆకులనుండి వచ్చును. అనావృష్టిదినములలో ఆకులోని తేమ యెగిరిపోకుండ ప్రకృతి కప్పిన కవచమది. ఆకులను కోసి యెండబెట్టి కొట్టగా పొడియై రాలును. ఎనుబది డిగ్రీల సెంటిగ్రేడుకు పైగా కాగిన గాని కరగదు. చెట్టు తనకొఱకు చేసికొన్న కవచమును మనుష్యుడు తన బండికి తొడిగెను! మైనము కొన్ని నెలలకే సబ్బునీళ్లకును ఎండకును తొలగిపోవుట నిజమే. దానితోపాటు పూసినవాని తప్పులును తొలగిపోవుట ఆ లోపమునందలి గుణము.

రెండవ ప్రపంచయుద్ధానంతరము మెఱుగుద్రవ్యములలో సిలికోనులు ప్రవేశించి రుద్దుటలోని కష్టమును తగ్గించెను గాని, అట్టి బండికి మరల రంగు వేయబోవు పనివారు, పూత నిలువక గుంటలు గుంటలుగా విడిపోవుట చూచి, వానిని తిట్టని దినము లేదు. 1980 దశకము నాటికి రంగుపొరపై పారదర్శకమైన క్లియర్ కోటు వేయు పద్ధతి వ్యాపించెను. సుమారు నలుబది మైక్రాన్ల మందముగల ఆ పొరయే నేడు మనము తుడిచెడిదియు, రుద్దెడిదియు.

సిరామిక్ కోటింగు అను పేర హైదరాబాదు, విజయవాడ వీథులలో బోర్డులెక్కిన పూతకు మూలము మోటారుబండికంటె ప్రాచీనము. 1840 దశకమున ఫ్రాన్సుదేశపు రసాయనవేత్త ఎబెల్మెన్, సిలికాన్ క్లోరైడును మద్యసారమును కలిపి చేసిన ద్రవము తేమగాలి సోకగా క్రమముగా గాజువంటి ఘనముగా మాఱుటను గమనించెను. పిమ్మట ఆయన సేవ్ర్ పింగాణీ కార్ఖానాకు అధిపతి యయ్యెను. నిప్పు లేకుండ గాజు పుట్టుటయన్న ఆ వింతయే నేటి సీసాలలో నున్నది. ఈ పూతలలో సిలజేను జాతివి గాలిలోని తేమతో కలిసి సిలికాగా బిగియునప్పుడు అమ్మోనియాను వెలిగ్రక్కును. ఆనాడు బగ్గీ మెఱుగును చెఱచిన వాయువే యీనాడు మెఱుగు కుదురుకొనుచున్నదనుటకు ఆనవాలు. డబ్బాలపై గర్వముగా అచ్చు వేయు ‘9హెచ్’ అను గుర్తును చూచి వజ్రకాఠిన్యమని భ్రమపడువారు పెక్కురు. అది పెన్సిలుతో గీచి చేయు పరీక్షలోని అంకెయే సుమా.

ఇట్టి పూతను ఇంటివద్ద వేయదలచినవాడు బండిని కడిగి, డిటైలింగు బంకమన్నుతో అంటుడుమురికి నెత్తి, పాలిషు పట్టి, మద్యసారముతో జిడ్డు తుడిచి, నీడన చల్లారిన రేకుపై కొలది కొలదిగా నిలువునకును అడ్డమునకును రాచి, పొర ఇంద్రధనుస్సువలె రంగులు తేలగానే మెత్తనిగుడ్డతో సమము చేయవలెను. శ్రమలో హెచ్చుపాలు సీసా మూత తీయకమునుపే తీరిపోవును. తక్కినది నిమిషముల వ్యవహారము. గుడ్డ తగులక మిగిలిన చాఱ ఒక్కటి గట్టిపడెనా, సబ్బునకు లొంగదు, రాపిడిద్రవ్యముతో అరగదీయవలెను, అట్లు చేసిన క్రిందనున్న క్లియర్ కోటులో కొంత పోవుట తప్పదు. అందుచే అనుభవజ్ఞులు క్రొత్తవానిని మొదటనే బానెటు జోలికి పోనీయక, తలుపు అడుగుభాగమున ఎవరి చూపును పడని జానెడుచోట పూసి, గుడ్డతో తుడుచుటకు తగిన యదను తెలిసికొమ్మందురు.