పెన్‌గంగ లోయలో నడక: ఇస్లాపూర్ సహస్రకుండ్ నుండి ఉనకేశ్వర్ ఉష్ణగుండాల దాకా

మహారాష్ట్రలోని నాందేడ్ జిల్లా కిన్వట్ తాలూకాలో, భోకర్ – హిమాయత్‌నగర్ – కిన్వట్ రహదారి మీద ఉన్న చిన్న పట్టణం ఇస్లాపూర్. దీనికి కొద్ది కిలోమీటర్ల దూరంలోనే పెన్‌గంగ నది నల్లరాతి బండలను చీల్చుకొని లోయలోకి దూకుతున్నది. ఈ జలపాతమే సహస్రకుండ్. ఇదే నదీతీరాన, కిన్వట్ దాటిన తరువాత, ఉనకేశ్వర్ అనే క్షేత్రంలో భూమిలో నుండి వేడినీరు ఉబికి వస్తున్నది. జలపాతాన్నీ ఉష్ణగుండాలనూ ఒకే యాత్రలో చూడదలచిన వారు ఆదిలాబాద్, నిర్మల్ ప్రాంతాల నుండి ఏటా వెళ్తూనే ఉన్నారు. వారికి ఉపయోగపడే వివరాలను ఇక్కడ పొందుపరుస్తున్నాము.

మన పాఠకులలో చాలామందికి ఇస్లాపూర్ పొరుగు రాష్ట్రపు ఊరుగానే తెలుసు. కానీ 1956 నవంబరు 1వ తేదీకి ముందు ఇస్లాపూర్ సర్కిల్ హైదరాబాదు రాష్ట్రంలోని ఆదిలాబాద్ జిల్లా బోథ్ తాలూకాలో భాగం. రాష్ట్రాల పునర్విభజన చట్టం ప్రకారం ఆనాడు ఇస్లాపూర్ సర్కిల్, కిన్వట్ తాలూకా, రాజురా తాలూకా బొంబాయి రాష్ట్రానికి వెళ్ళాయి. అదే సమయంలో నాందేడ్ జిల్లా నుండి ముధోల్, భైంసా, కుభీర్ సర్కిళ్ళు మన వైపు వచ్చాయి. 1960లో బొంబాయి రాష్ట్రం విడిపోయి మహారాష్ట్ర ఏర్పడింది. సరిహద్దు మారినంత మాత్రాన వియ్యాలు తెగలేదు, సంతలు ఆగలేదు. అప్పారావుపేట వంటి ఊరి పేర్లే ఇందుకు సాక్ష్యం. ఈ తాలూకాలో దారి అడగడానికి తెలుగు చాలాచోట్ల సరిపోతుంది. లేనిచోట మరాఠీ, గోండి, లంబాడీ మాటలు వినిపిస్తాయి.

పెన్‌గంగ బుల్ఢాణా జిల్లాలోని అజంతా కొండల్లో పుట్టి తూర్పుగా ప్రవహిస్తుంది. ఇస్లాపూర్ పరిసరాల్లో ఇది నాందేడ్, యవత్మాల్ జిల్లాలకు హద్దు. దిగువకు వచ్చేసరికి ఆదిలాబాద్ జిల్లాకూ మహారాష్ట్రకూ హద్దు అవుతుంది. చివరకు వార్ధా నదిలో కలుస్తుంది. ఆ నీరు ప్రాణహితగా మారి గోదావరిని చేరుతుంది. కాబట్టి సహస్రకుండ్ వద్ద బండల మీద నుండి దూకిన నీరు కాళేశ్వరం ముందు నుండి పోయే నీరే.

సహస్రకుండ్ అంటే వెయ్యి గుండాలు అని అర్థం. సంఖ్య మాట ఎలా ఉన్నా, గుండాలు ఉన్న మాట నిజం. ఈ ప్రాంతమంతా దక్కను లావా పొరలతో ఏర్పడినది. సుమారు 6 కోట్ల 60 లక్షల సంవత్సరాల క్రితం భూమి పగుళ్ళ నుండి పొంగిన లావా పొర మీద పొరగా గడ్డకట్టి నల్లరాయి అయినది. పొరలన్నీ ఒకే గట్టిదనంతో ఉండవు. మెత్తని పొర ముందుగా అరిగిపోతే, పైనున్న గట్టి పొర ఆధారం తప్పి విరిగి పడుతుంది. లావా ప్రాంతాల్లో జలపాతాలు ఏర్పడేది సాధారణంగా ఇలాగే. బండ విరిగిన కొద్దీ జలపాతం ఎగువకు జరుగుతూ, తన వెనుక ఇరుకైన లోయను మిగుల్చుతుంది.

ఇక గుండాల సంగతి. వరద వచ్చినప్పుడు బండ మీది చిన్న పల్లంలో గులకరాయి ఒకటి చిక్కుతుంది. నీటి సుడి దానిని తిరుగలిలా తిప్పుతుంది. ఏళ్ళ తరబడి తిరిగిన రాయి తానూ అరిగి, కింది బండనూ తొలిచి, గుండ్రని గుంత చేస్తుంది. రెండు గుంతలు కలిసినచోట కాలువ ఏర్పడుతుంది. నీరు తగ్గిన రోజుల్లో వెళ్ళిన వారు ఈ గుంతల అడుగున నున్నని గులకరాళ్ళను స్వయంగా చూడవచ్చును. జలపాతాన్ని చూసి ఫోటో దిగి వెనుదిరిగే వారు ఈ రాళ్ళను గమనించరు. నిజానికి సహస్రకుండ్ గొప్పతనం ఎత్తులో లేదు, ఈ బండల్లో ఉన్నది. ఎత్తే చూడాలంటే మన కుంటాల ఉండనే ఉన్నది.

నడక విషయంలో ఒక మాట స్పష్టంగా చెప్పాలి. ఇక్కడ గుర్తులు పెట్టి, బోర్డులు నాటిన వలయమార్గం లేదు. కాలినడకన చుట్టి రావడానికి వీలైనది సహస్రకుండ్ పరిసరం మాత్రమే. కుడిగట్టున, అంటే నాందేడ్ వైపు, గుడి దగ్గర నుండి బయలుదేరి, గట్టు పైనుండి జలపాతాన్ని చూసి, బండల అంచున దిగువ లోయ దాకా పోయి, చేల మధ్య బాట పట్టి మళ్ళీ గుడికి చేరవచ్చును. తొందర లేకుండా నడిస్తే ఒక పూట పడుతుంది. ఎడమగట్టు యవత్మాల్ జిల్లా ఉమర్‌ఖేడ్ తాలూకా. ఆ వైపు నుండి జలపాతం మరో విధంగా కనిపిస్తుంది. అయితే నీరు పారుతున్న రోజుల్లో నదిని దాటి అవతలికి పోవాలని చూడరాదు. రోడ్డు మీదుగా చుట్టి పోవలసినదే. పైన పెన్‌గంగ అభయారణ్యం ఉన్నది. అందులో అడుగుపెట్టాలంటే అటవీ శాఖ అనుమతి తప్పనిసరి.

ఎగువన ఇసాపూర్ ఆనకట్ట ఉన్న సంగతి ప్రతి యాత్రికుడూ గుర్తుంచుకోవాలి. (ఇసాపూర్ వేరు, ఇస్లాపూర్ వేరు. పేర్లు దగ్గరగా ఉండటం వల్ల వార్తలు చదివేవారు తరచు పొరబడుతుంటారు.) ఇస్లాపూర్‌లో చినుకు పడకపోయినా, పైన వర్షాలు కురిసి గేట్లు ఎత్తితే ఇక్కడ నీటిమట్టం చూస్తుండగానే పెరుగుతుంది. బండ మధ్యకు పోయి కూర్చున్న వారికి వెనుక పాయ నిండిపోయిన విషయం తెలియనే తెలియదు. తడిసిన నల్లరాయి మీద నాచు కంటికి కనబడదు, కాలికి మాత్రమే తెలుస్తుంది. ఈత వచ్చినవాడికి కూడా గుండంలోని సుడి నుండి బయటపడటం కష్టం. జూలై నుండి సెప్టెంబరు వరకు జలపాతం నిండుగా ఉంటుంది. ఆ మూడు నెలలు గట్టు పైనుండి చూడటమే క్షేమం. బండల మీద నడవదలచిన వారు అక్టోబరు, నవంబరు మాసాలను ఎంచుకోవాలి. ఎండాకాలంలో ధార సన్నబడుతుంది, ఒక్కొక్క ఏడు పూర్తిగా ఆగిపోతుంది. అప్పుడు రాయి కాలు పెట్టనివ్వదు.

ఇస్లాపూర్ నుండి కిన్వట్ మీదుగా ఉనకేశ్వర్ చేరాలి. ఇది నడిచే దూరం కాదు, బస్సులోనో సొంత వాహనంలోనో పోవాలి. ఉనకేశ్వర్‌లో హేమాడ్‌పంతీ పద్ధతిలో కట్టిన పాత శివాలయం, దాని వద్దనే గంధకం వాసన వచ్చే వేడినీటి కుండాలు ఉన్నాయి. నీరు సుమారు 40 డిగ్రీల సెల్సియస్ వేడిమితో ఉంటుంది. మన పల్లెల్లో తలంటుకు కాచే నీళ్ళంత అన్నమాట. శరభంగ మహర్షి ఇక్కడ తపస్సు చేశాడని, ఆయన చర్మవ్యాధి పోవడానికి శ్రీరాముడు బాణం వేసి ఈ నీటిని రప్పించాడని స్థానికులు చెబుతారు. వాల్మీకి అరణ్యకాండలో శరభంగుని దర్శనం ఉన్నది, ఆయన అగ్నిప్రవేశం ఉన్నది. బాణం, వేడినీరు మాత్రం స్థలపురాణం చేర్చినవి.

నీరు వేడెక్కడానికి ఇక్కడ అగ్నిపర్వతమేదీ లేదు. వాననీరు భూమి పగుళ్ళ గుండా లోతుకు దిగుతుంది. దిగినకొద్దీ ప్రతి కిలోమీటరుకు దాదాపు 25 నుండి 30 డిగ్రీల చొప్పున వేడి పెరుగుతుంది. ఆ లెక్కన 40 డిగ్రీల నీరు కనీసం అర కిలోమీటరు లోతుకు పోయి వచ్చినదని ఊహించవచ్చును. అంత లోతు నుండి చల్లారకుండా పైకి రావడానికి ఒక పెద్ద పగులు కావాలి. భూగర్భ శాస్త్రజ్ఞులు ఈ ఊటలను కడెం భ్రంశంతో ముడిపెట్టి చెబుతారు. అంటే మన కడెం పేరు పెట్టుకున్న పగులే ఉనకేశ్వర్‌లో నీళ్ళు కాస్తున్నదన్నమాట.

గజ్జి, తామర నయమవుతాయనే నమ్మకంతో ఇక్కడికి వచ్చి స్నానాలు చేసేవారు అనేకులు. గంధకం చర్మానికి కొంత మేలు చేయగలదు. వైద్యులు కూడా గంధకం కలిసిన లేపనాలు వాడుతారు. అయితే మచ్చ మీద స్పర్శ లేకపోతే అది కుష్ఠు లక్షణం కావచ్చును. దానికి ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితంగా మందులు ఇస్తారు, ఆలస్యం చేస్తే నరాలు దెబ్బతింటాయి. కుండంలో స్నానం చేయండి, మందు మానకండి. పుండ్లు ఉన్నవారు అందరూ దిగే నీటిలో దిగకపోవడం మర్యాద. గుండెజబ్బు, రక్తపోటు ఉన్నవారు, గర్భిణులు వేడినీటిలో ఎక్కువసేపు కూర్చోరాదు.

రెండవ రోజు చేతిలో ఉంటే మాహూర్ వెళ్ళవచ్చును. అక్కడి రేణుకాదేవినే మనవారు ఎల్లమ్మగా కొలుస్తారు. కొండ మీద కోట, దత్తాత్రేయ క్షేత్రం కూడా ఉన్నాయి. తిరుగు ప్రయాణానికి ముద్‌ఖేడ్ – ఆదిలాబాద్ రైలు మార్గంలో కిన్వట్ స్టేషను ఉన్నది. ఈ మార్గంలోనే సహస్రకుండ్ పేరుతో మరొక స్టేషను ఉన్నది. కానీ అన్ని రైళ్ళూ చిన్న స్టేషన్లలో ఆగవు, రోజుకు నడిచేవీ కొద్దే. సాయంత్రపు బండి వేళ ముందుగా కనుక్కొని బయలుదేరాలి. తాగునీరు, రొట్టెలు ఇస్లాపూర్‌లోనే కట్టించుకోవడం మంచిది.