ఆరుబయటి కలప సంరక్షణ

కలప సంరక్షణ అనగా కట్టడాలలో వాడిన కొయ్య కుళ్ళిపోకుండా, పురుగు పట్టకుండా కాపాడే పద్ధతులు. ఇంటి లోపలి కొయ్య కంటే ఎండకూ వానకూ గురి అయ్యే చూరు వాసాలు, వసారా స్తంభాలు, ద్వారబంధాలు, కిటికీ రెక్కలు త్వరగా పాడవుతాయి. ఈ వ్యాసం అటువంటి కలపకు సంబంధించినది.

కుళ్ళుకు కారణాలు

పాతబడినంత మాత్రాన కొయ్య కుళ్ళదు. దానిని కుళ్ళబెట్టేవి శిలీంధ్రాలు. అవి పెరగడానికి గాలి, వెచ్చదనం, తేమ కావాలి. మొదటి రెండింటినీ ఆరుబయట ఆపలేము గనుక తేమను ఆపడమే మార్గం. కలపలో తేమ, దాని పొడి బరువులో సుమారు 20 శాతానికి లోపు ఉన్నంతకాలం కుళ్ళు మొదలుకాదు. పూర్తిగా నీటిలో మునిగి ఉన్న కొయ్య కూడా గాలి అందనందువలన చాలాకాలం నిలుస్తుంది. తడుస్తూ, సరిగా ఆరకుండా ఉండే చోటే అసలు ప్రమాదం. కొన్ని శిలీంధ్రాలు సెల్యులోజును తిని లిగ్నిన్‌ను వదిలివేస్తాయి. అప్పుడు కొయ్య గోధుమ రంగుకు మారి, చిన్న చిన్న పలకలుగా పగిలి, వేలితో నలిపితే పొడి అవుతుంది.

చెట్టులో నీటిని పైకి తీసుకుపోయే సన్నని నాళాలు కోసిన కలపలోనూ ఉంటాయి. అందువలన పక్కల నుండి కంటే కోసిన కొసల నుండి నీరు ఎన్నో రెట్లు వేగంగా లోపలికి పోతుంది. ద్వారబంధం మొదట పాదాల వద్దనే పాడవడానికి ఇదే కారణం. తెలుగువారి ఇళ్ళలో గడపను తరచుగా కడిగి పసుపు రాస్తారు గనుక ఆ చోట తడి మరీ ఎక్కువ. ద్వారబంధాన్ని నిలబెట్టక ముందే దాని కొసలకు రెండు మూడు పూతలు రంగు పట్టించాలి. నిలబెట్టిన తరువాత ఆ భాగం చేతికి అందదు. పాత ఇళ్ళలో వసారా స్తంభాలను నేలలో పాతకుండా రాతి దిమ్మెల మీద నిలపడంలోని ప్రయోజనం కూడా ఇదే. చూరును గోడ దాటి ముందుకు చాపడం వలన వాన జల్లు కొయ్య మీద పడదు. ఏ రసాయనమూ చేయలేని మేలు ఇది.

పురుగులు

చెదపురుగులు నేలలోని తమ గూటి నుండి మట్టి గొట్టాలు కట్టుకుంటూ గోడ వెంట పైకి వస్తాయి. పైపొరను అలాగే ఉంచి లోపలి భాగాన్ని తింటాయి కాబట్టి నష్టం ఆలస్యంగా బయటపడుతుంది. మట్టిచారలను గీకివేస్తే సరిపోదు, నేలకూ కొయ్యకూ మధ్య దారి మూయాలి. భవనాలలో చెద నివారణకు భారతీయ ప్రమాణం ఐఎస్ 6313 ఉన్నది. పుచ్చుపురుగు పట్టిన కొయ్య నుండి పిండి వంటి పొడి రాలుతుంది. వాసాలకు గుండ్రని రంధ్రాలు చేసే నల్లని తుమ్మెదలు కొయ్యను తినవు, గూడు కోసం తొలుస్తాయి.

కలప ఎంపిక

చెట్టు మధ్యభాగమైన చేవకు సహజంగానే తట్టుకునే శక్తి ఉంటుంది. టేకు చేవలోని టెక్టోక్వినోన్ అనే పదార్థం చెదలకు సరిపడదు. అయితే చేవ చుట్టూ ఉండే లేత చెక్కకు ఈ గుణం లేదు, అది టేకైనా సరే. టేకు అన్న పేరు చూసి లేత చెక్క కొన్నవారు మోసపోతారు.

పైపూతలు

రంగు శిలీంధ్రాలను చంపదు, నీటిని ఆపుతుంది. పచ్చి కొయ్యకు రంగు వేస్తే లోపలి తడి బయటకు పోలేక మరింత కీడు జరుగుతుంది. రంగులేని వార్నిష్ గుండా ఎండ లోపలికి పోయి లిగ్నిన్‌ను చెడగొట్టడం వలన పూత పొరలుగా ఊడిపోతుంది. అవిసె నూనె పూసిన గుడ్డలను ఉండచుట్టి పడవేయరాదు. అవి వాటంతట అవే అంటుకోగలవు.

రసాయన పద్ధతులు

1838లో ఇంగ్లండులో జాన్ బెతెల్, కలపను మూసిన తొట్టిలో ఉంచి ఒత్తిడితో క్రియోసోట్ ఎక్కించే పద్ధతికి పేటెంటు పొందాడు. రైలు స్లీపర్లకు ఇది విస్తారంగా వాడబడింది. నీటిలో కరిగే లవణాలు చవకైనవే గాని వానకు కొట్టుకుపోయేవి. ఈ చిక్కును విడదీసినది తెలుగువాడైన శొంఠి కామేశం. డెహ్రాడూన్ అటవీ పరిశోధనా సంస్థలో పనిచేస్తూ 1933లో ఆయన రాగి, ఆర్సెనిక్, క్రోమియం లవణాల మిశ్రమాన్ని రూపొందించాడు. రాగి శిలీంధ్రాలను, ఆర్సెనిక్ పురుగులను అడ్డుకుంటాయి. క్రోమియం ఈ రెండింటినీ కొయ్యలో కరగని రూపంలో బంధిస్తుంది. 'ఆస్కు' అని పేరుపడిన ఈ మిశ్రమం తరువాతి కాలంలో సీసీఏ పేరుతో ప్రపంచమంతటా వ్యాపించింది.

ఆర్సెనిక్ కొద్దికొద్దిగా బయటకు వస్తుందన్న ఆందోళన వలన అమెరికాలో 2003 చివరి నుండి ఇళ్ళ అవసరాలకు దీని వాడకాన్ని తయారీదారులు విరమించుకున్నారు. అక్కడ దాని స్థానంలో ఆర్సెనిక్ లేని రాగి మిశ్రమాలు వచ్చాయి. బోరాక్స్, బోరిక్ ఆమ్లం మిశ్రమం మనుషులకు అంత హానికరం కాదు గాని వానకు కరిగిపోతుంది కనుక, పైన రంగు లేకుండా ఆరుబయట పనికిరాదు.

సీసీఏ ఎక్కించిన పాత కొయ్యకు తరచుగా లేత ఆకుపచ్చ ఛాయ ఉంటుంది. దీనిని పొయ్యిలో గాని, భోగిమంటలో గాని వేయరాదు. పొగలోనూ బూడిదలోనూ ఆర్సెనిక్ ఉంటుంది.

ఇవి కూడా చూడండి: చెదపురుగు, టేకు, శిలీంధ్రం