ఇల్లు దాటిపోయిన చీమ

ట్యునీషియా. మహారెస్ ఊరి దగ్గర ఉప్పు పర్ర. ఎండ మాడు పగలగొడుతోంది. చెట్టు లేదు, రాయి లేదు, ఆనవాలు పెట్టుకోడానికి పుల్లముక్క లేదు. పర్ర మీద పొడుగాటి అల్యూమినియం కాలువ. అడుగున ఇసుక, పైన ఆకాశం ముక్క. అందులో చీమ ఒకటి పరుగెడుతోంది. పుట్ట నుంచి మేత దాకా సరిగ్గా 10 మీటర్లు. చేరింది. అంతలో పైనుంచి చెయ్యి దిగింది.

పట్టేశారు.

మథియాస్ విట్లింగర్, రూడిగర్ వేనర్, హరాల్డ్ వోల్ఫ్. ఈ ముగ్గురు పరిశోధకుల్నీ తొలుస్తున్నది ఒకటే ప్రశ్న. ఎండకు చచ్చిన పురుగుల్ని ఏరుకోడానికి ఈ ఎడారి చీమ ఎన్ని వంకర్లు తిరిగినా, ముక్క నోటికి చిక్కగానే గీత గీసినట్టు ఇంటికొస్తుంది. దిక్కు ఆకాశంలోని వెలుతురు చెబుతుంది. అది తేలిపోయిన సంగతే. మరి దూరం? అడుగులు లెక్కేస్తుందేమోనన్న అనుమానం వందేళ్ల నాటిది. తేల్చేదెలా?

జిగురు చుక్క. పంది వెంట్రుక. ఒక్కో కాలికీ ఒక్కోటి అతికించారు. కదిలిపోయే సన్నటి కాలు, ఊపిరి బిగబట్టి చేసే పని. ఆరో కాలు పూర్తయ్యేసరికి చీమ జాతరలో కర్రకాళ్ల మనిషిలా లేచి నిలబడింది. మరికొన్నిటికి కాళ్ల చివర్లు కత్తిరించేశారు. కర్కశమే, కాదనలేం. నోటికి మేత ముక్క అందించారు. అందుకుంది. అంటే ఇంటికి బయల్దేరినట్టే. దాన్ని వదిలింది మాత్రం వేరే కాలువలో. అదే దిక్కు, అదే ఇసుక. పుట్ట ఒక్కటే లేదు.

పరుగు మొదలైంది. కొత్త కాళ్ల తడబాటు వదిలించుకుని, ముక్క జారనీకుండా కరిచిపట్టి, అంగలు పెద్దవయ్యాయన్న ఎరుకే లేకుండా, గోడల మధ్య దూసుకుంటూ అది ఆరు మీటర్లు దాటింది, ఎనిమిది దాటింది, ఇల్లు ఉండాల్సిన పదో మీటరూ దాటింది. ఆగలేదు.

15 దాటాక ఆగింది. వెనక్కి తిరిగింది. ముందుకొచ్చింది. మళ్లీ వెనక్కి. లేని గుమ్మం కోసం వెతుకులాట! ఒక్క చీమ తిక్క అనుకోడానికీ లేదు. అలా వదిలిన 25 చీమలూ అటూఇటూగా 15.3 మీటర్ల దగ్గరే తచ్చాడాయి. కాళ్లు తెగినవి పాపం 5.75 దగ్గరే చతికిలబడి, ఇల్లొచ్చేసిందనుకున్నాయి. లెక్క తప్పిందా? తప్పలేదు. పోయేటప్పుడు ఎన్ని అడుగులో వచ్చేటప్పుడూ అన్నే వేశాయి. అడుగు పొడవు మారిందంతే. ఒకటి, రెండు, మూడు అని చీమ అంకెలు పెడుతోందని ముగ్గురిలో ఎవరూ అనలేదు. లోపలెక్కడో అడుగులు పోగవుతున్నాయి, అంతవరకే.

అయినా ఒక సందు మిగిలింది. జిగురు, కోత, నొప్పి. వీటివల్లే చీమ తికమకపడి ఉంటే?

అవే చీమల్ని పుట్టలోకి వదిలేశారు. అవి మళ్లీ మేతకు బయటికొచ్చాయి. ఈసారి పోవడమూ రావడమూ మారిన కాళ్లతోనే. మళ్లీ పట్టారు, మళ్లీ ఆ ఖాళీ కాలువలో వదిలారు. కర్రకాళ్లవి 10.55 మీటర్ల దగ్గర వెతుకులాట మొదలెట్టాయి. పొట్టికాళ్లవి 10.25 దగ్గర. 2006లో ‘సైన్స్’ పత్రిక ఆ అంకెల్ని అచ్చేసింది.